మా మామ వింటుండంగ చెప్పిన సాక్ష్యం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు ఒక్క ఆదివారం జర ఎక్కువ మంచిదైంది, గంతే, చేతికి రావల్సిన కొత్తబండి పోయింది. ఎట్ల పోయిందో చెప్త. నవ్వితె నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. మా చర్చిల అందరు ఎప్పుడో నవ్వేసిన్రు.

నాకప్పుడు ఇరవై నాలుగేండ్లు. నాచారంల అమ్మ, నేను ఇద్దరమే ఉండెటోళ్లం. చర్లపల్లిల ఒక కంపెనీల నౌకరి. నాన్న పోయినంక మాకు మిగిలింది ఆయన స్కూటరు. దానికి కిక్కు కొట్టీ కొట్టీ నా కుడికాలు పహిల్వాన్ కాలు లెక్క, ఎడమకాలు పెన్సిల్ లెక్క తయారైనయి. ఉప్పల్ చౌరస్తాల పచ్చలైటు పడ్డదంటే చాలు, మొండి దున్నపోతు లెక్క ఆగిపోయేది. వెనకోళ్ల హారన్లతోటి నాకు రోజూ బ్యాండుమేళమే.

పొద్దున లేస్తే సణుగుడే. "సణుగుడు బంద్ జేసి దేవునికి స్తోత్రం చెప్పురా" అనేది అమ్మ.

"స్తోత్రం చెప్తే స్టార్టయితదా?" అనేటోన్ని.

గిట్లుండంగ చర్చిల కృతజ్ఞత ఆదివారం వచ్చింది. ఒక్కొక్కలు లేచి దేవుడు చేసిన మేలొకటి సాక్ష్యంగ చెప్పాలన్నడు పాస్టరయ్య. ఒకామె జ్వరం తగ్గిందన్నది. ఒకాయన బిడ్డకు నౌకరి దొరికిందన్నడు. నా వంతొచ్చింది. మైకు చేతికి రాంగనే నా లోపల ఎవడో పెద్ద ప్రసంగీకుడు లేచి కూసున్నడు.

"నాకొక పాత స్కూటరుంది. అది చాలు ప్రభువా!" అన్న. ఆడికి ఆగితే అయిపోయేది. ఆగలె. "ఇయ్యాల ఎవరన్న కొత్తబండి తెచ్చి నా ముందర పెట్టినా నేను ముట్ట!"

"హల్లెలూయ!" అని చర్చంత దద్దరిల్లింది. అమ్మ మాత్రం నన్ను మిర్రి చూసింది. పొద్దుగాలే నేను ఆ బండిని కాలితోటి తన్నుడు ఆమె కండ్లార చూసింది మరి. మగోళ్ల వరుసల మా మేనమామ అద్దాలు తీసి కండ్లు తుడుచుకుంటున్నడు. బోడుప్పల్ల ఉంటడు, కొత్తగ రిటైరైండు. నా మాటలకు కరిగిండనుకొని కోడిపుంజు లెక్క ఛాతి ఇరుసుకొని కూసున్న.

ఆరాధన అయినంక మామ నన్ను బయటికి తీస్కపోయిండు. గేటు పక్కన నీలంరంగు కొత్త స్కూటర్. హ్యాండిల్‌కు రిబ్బను.

"అల్లుడా, రిటైరైన సంతోషంల నీకిద్దామని తెచ్చిన. నువ్వు నా కండ్లు తెరిపించినవ్."

నా గుండె ఆగింది. మా స్కూటరే నయం, మళ్ల స్టార్టన్న అయితది.

"మామా, అది... ఏదో మాటవరసకు అన్న..."

"వద్దు బిడ్డా! నిన్ను శోధనల పడేస్తే పాపం నాకు. అక్కరున్నోళ్లకు ఇస్త."

"నాకు గూడ కొంచెం అక్కర..."

"సూడుండ్రి, ఎంత తగ్గింపు మనసో!" అని నన్ను కావలించుకున్నడు. ఆ కావలింతల నుంచి నేను బయటపడేలోపు, సండేస్కూల్ చెప్పే సునంద అక్కను పిలిచి తాళంచెవి ఆమె చేతిల పెట్టిండు. అక్క ఉప్పల్ నుంచి ఆటోలు మారి వచ్చేది. బండి నడుపుడు గూడ ఆమెకు మంచిగొచ్చు. అక్క ఏడ్చింది. అందరు ఏడ్చిన్రు. నేను గూడ ఏడ్చిన, నా కారణం వేరే.

ఆడికే అయిపోతే నేను మీకు చెప్పకపోయెటోన్ని. నెలరోజులకు పాస్టరయ్య పిలిచి, "దమ్మాయిగూడల ఒకరి ఇంట్ల ప్రార్థన కూడిక ఉంది. నీ సాక్ష్యం ఆడ గూడ చెప్పాలె. ఆ పాత బండి మీదనే రా, జనం సూస్తరు" అన్నడు. చర్లపల్లి దాటంగనే జనం సూడాల్సిన బండి ఆగిపోయింది. ఎండల నెట్టుకుంట పోతుంటే పక్కన నీలంబండి వచ్చి ఆగింది. సునంద అక్క!

"ఎక్కు తమ్ముడు, నేను గూడ ఆడికే."

మెకానిక్ దగ్గర బండి వదిలేసి, నాకు రావల్సిన బండికి నేను వెనక సీటోన్నై కూసున్న. తొవ్వల అక్క చెప్పింది: "మా అమ్మ కాలుపుండుకు కట్టు మార్పియ్యనీకి దినం తప్పి దినం దవాఖానకు పోవాలె. ఇంతకుముందు ఆటో కోసం నిలబడలేక రోడ్డు మీదనే కూలబడేది. ఇప్పుడు నా వెనక కూసొని పాటలు పాడుతది తమ్ముడు."

నెలరోజులుగ కడుపుల రగులుతున్న కుంపటి ఆడికాడికే సల్లారింది. మా అమ్మ మంచిగ నడుస్తది, రోజూ నాతోటి కూసొని తింటది, తిడ్తది గూడ. గింత ఉన్నోన్ని నేను ఏం లేదని ఏడుస్తున్న! ఆరోజు కూడికల కొత్తబండి మాటెత్తలె. అమ్మ ఉన్నందుకు స్తోత్రం చెప్పి, నాలుగు ముక్కలకే కూసున్న. ఈసారి అవి నిజం ముక్కలు.

తర్వాత భోజనాలు. మటన్ బిర్యాని వాసన! వరుసగ అందరి ప్లేట్లల్ల పడుతున్నది. నా దగ్గరికి రాంగనే ఇంటామె గంటె వెనక్కి తీస్కొని రెండు చేతులు జోడించింది.

"పాస్టరయ్య నీ గురించి అంత చెప్పిండు బిడ్డా. నీ అసొంటి సంతృప్తి గల్లోనికి గివన్ని పెట్టి మనసు కష్టపెడ్తమా? నీ కోసమని పచ్చిపులుసు, తెల్లన్నం వేరుగ చేసిన."

పక్కన సునంద అక్క చున్ని నోట్లె కుక్కుకున్నది. నేను పచ్చిపులుసు కలుపుకొని తిన్న. అబద్ధమెందుకు, మస్తుంది. రెండుసార్లు పెట్టిచ్చుకున్న.

అయినా ఆ ప్లేటు ముందర్నే ఒట్టు పెట్టుకున్న: ఉన్నదానికి సచ్చేదాక దేవునికి స్తోత్రం చెప్త. కని ఆయన ఇయ్యబోయేదాన్ని మాత్రం నోరు తెరిచి వద్దన. ముఖ్యంగ భోజనాలకు ముందు.