నాలుగు గంటల సైరను

గత మంగళవారం సాయంత్రం నాలుగు గంటల రెండు నిమిషాలకు మిల్లు సైరను మోగింది. మేడమీద ఎండుమిరపకాయలు ఎత్తుతున్నదాన్ని అక్కడే కూర్చుండిపోయాను. ఆ మిల్లు మూతపడి పదకొండేళ్ళు. ఇప్పుడది కల్యాణ మండపం. పందిరి వేసేవాళ్ళెవరో పాత మీట కనబడితే నొక్కి చూశారట. అలవాటు చొప్పున చేతి గడియారం చూసుకున్నాను. నాకు డెబ్బై మూడేళ్ళు. సుబ్బలక్ష్మి టీచరుకు నేను చేసిన నష్టం ఆ సైరను కూతతోనే మొదలైంది.

మదురైలో మిల్లు వెనుక మా తెలుగు వీధి. చివరి ఇల్లు టీచరుది. ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. పొద్దుగూకిన తరువాత ఒక గంట ఆమె మేడమీద ఉపగ్రహాలను గుర్తుపట్టేది. నేలమీద చీకటి పడినా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. అందుకే ఉపగ్రహం మినుకుమనని చుక్కలా నడుస్తూ కనబడుతుంది. తెలిసిన రెండు నక్షత్రాల నడుమ అది ఏ సెకనులో దాటిందో రాసుకుంటే, దాని దారి లెక్కకట్టి, అదేదో పట్టికలో వెతకవచ్చు. అన్ని దేశాలూ తాము ఎగరేసినవన్నీ చెప్పవు. చెప్పనివాటిని ఊరూరా ఇలాంటి వాళ్ళే చూసి, ఉత్తరాలు రాసుకుని, పట్టికకు ఎక్కించేవారు. విదేశంలోని అటువంటి బృందానికి టీచరు ప్రతి నెలా కాగితాలు పంపేది.

అప్పుడు నాకు ముప్పై ఆరు. మిల్లులో నూలు పరీక్ష గదిలో పని, మూడింటికి ఇల్లు చేరేదాన్ని. నా అంకెలు గుండ్రంగా ఉంటాయని టీచరు రాయడానికి పిలిచింది. మొదటి సాయంత్రమే నా కాగితం దీపం దగ్గర పెట్టుకుని అడిగింది:

"ఏమే నాయకీ, కంటికి అగపడింది రాస్తివా, మనసుకు తోచింది రాస్తివా?"

"అగపడిందే టీచర్."

"అట్లయితే ఈ 'సుమారు' ఏంటికి? కొట్టెయ్."

ఆ రోజునుంచి నా జీవితంలో సుమారు లేదు. పాల లెక్క మొదలు చావు తేదీల దాకా.

వీధిలో వాళ్ళకు ఇదంతా నవ్వులాట. ఎదురింటి కోదై అత్త అరుగుమీద పూలు కడుతూ అడిగేది: "ఈ పొద్దు మేలే ఆకాశంలో ఎన్ని పోయినాయి నాయకీ? అందులో నీకు తాళి కట్టే మాప్పిళ్ళ ఎవురన్నా కూర్చోనుండాడా?"

"ఉండాడు అత్తా. దిగేదానికి వాడికి నేరం లేదు." మా వీధిలో నేరమంటే టైము.

ఆగస్టులో, ఆవణి నెల మొదట, టీచరు రేడియో చెడిపోయింది. వార్తల ముందు వచ్చే కీచుమోతలతోనే ఆమె గడియారం సరిచేసుకునేది. "మా ఇంట్లో దినమూ సరిచేసి తెస్తా టీచర్" అన్నాను. ఇచ్చింది. రేడియోతోనే అనుకుంది. నేను నాలుగు గంటల షిఫ్టు సైరనుతో సరిచేశాను. మా వీధిలో ఏ గడియారమైనా ఆ కూతకే తిరిగేది. పైగా టైము ఆఫీసులో కూర్చుని ఆ మీట నొక్కేది మా నాయన. ఆయన్ను మించిన గడియారం ఉంటుందని నాకు తోచలేదు. చెప్పవలసిన సంగతి అని కూడా తోచలేదు.

డిసెంబరులో, మార్గళి చలిలో, పట్టికలో దేనికీ సరిపోనిది ఒకటి కనబడింది. ఎర్రగా, తక్కువ ఎత్తున, దక్షిణం నుంచి. టీచరు నోటుపుస్తకంలో 'పేరులేనిది' అని రాసింది. మార్చిలో పంగుని నెల వచ్చేలోపల పంతొమ్మిది సార్లు చూశాం.

"ఇది పట్టికకు ఎక్కితే పక్కన చూసినవాళ్ళ ఊరు వేస్తారు" అంది టీచరు. "మదురై అని. నాకు అది చాలమ్మా."

ఆ విదేశీ బృందం నుంచి జవాబు వచ్చింది. తెలిసిన ఉపగ్రహాలు కూడా మీ కాగితాల్లో ముందుగా వస్తున్నాయి, ఒకనాడు ఇరవై సెకన్లు, ఒకనాడు యాభై, గడియారం చూసుకోండి, అంతవరకు కొత్తదాన్ని ఎక్కించలేము. టీచరు ఆ ఉత్తరం మడిచి నన్ను చూసింది.

"రేడియోకి పెట్టలేదా?"

"సైరనుకు పెడితిని టీచర్. ఒక్కనాడూ తప్పలేదు."

ఆ సాయంత్రం అన్నం ముందు నాయనను అడిగాను. ఆయన దాచలేదు. "సైరను ఆగితే గేటు మూయాల, ఆపైన వచ్చినోళ్ళకు ఆ పూట పని లేదు, అది రూలు. నాలుగు గంటల షిఫ్టు మీనాచ్చి, చంటిబిడ్డను వాళ్ళమ్మ చేతికిచ్చి మలుపు కాడ పరిగెత్తుతా ఉంటే నేనెట్ల నొక్కేది? దాని తల అగపడినాక నొక్కుతా."

"దినం ఎన్ని సెకన్లు ఆగుతావు?"

"దాని కాళ్ళను అడుగు."

మర్నాడు టీచరుకు చెప్పి, "సరాసరి ముప్పై అయిదు సెకన్లు కలిపేద్దాం" అన్నాను.

"ఏ దినం మీనాచ్చి ఎంత వేగంగా వచ్చిందో తెలుసునా నీకు?"

"తెలీదు."

"తెలీనిది కలపకూడదు."

పేరులేనిది కనబడిన సాయంత్రాల్లో, తెలిసిన ఉపగ్రహం కూడా కనబడినవి నాలుగే. వాటిలో తేడా తీసి సరిచేయవచ్చు. సరిచేసి పంపింది. చాలవన్నారు. ఆ ఏడు నెలల్లో రాసిన మిగిలిన కొలతలన్నీ ఎర్ర పెన్సిలుతో, స్కేలు పెట్టి, ఒక్కొక్కటే కొట్టేసింది. నేను పక్కన కూర్చుని గీతలు లెక్కపెట్టాను. తరువాత నలభై ఒక్క సాయంత్రాలు వెతికాం. అది మళ్ళీ రాలేదు. కిందికి దిగి కాలిపోయి ఉంటుందని టీచరు అంది.

ఉత్తరంలో 'గడియారం తప్పు నాది' అని రాసింది. సైరను మాట రాయలేదు. "కాగితం ఎవురి చేతికైనా పోతుందే. మీ నాయనను ఎవురూ పిలిచి అడగకూడదు. ఆయనది తప్పు కాదు. దాన్ని గడియారం అనుకుంది మన తప్పు."

'మన' అంది. 'నా తప్పు' అనడానికి నాకు నోరు రాలేదు. నాలుగేళ్ళకు ఆమె పోయింది.

ఇప్పుడు ఉపగ్రహాలు పూసలు గుచ్చినట్టు వరుసగా పోతుంటాయి. యంత్రాలే చూసి, యంత్రాలే రాసుకుంటాయి. నా కాగితం ఎవరికీ అక్కరలేదు. అయినా గడియారం సరిచేసినప్పుడల్లా దేనితో సరిచేశానో పక్కన రాస్తాను. అలసట వస్తుంది, రాస్తాను. మిల్లు మూసేటప్పుడు పాత గేటు పుస్తకం తిరగేశాను. ఆ నెలల్లో మీనాచ్చికి ఒక్క పూట పని పోలేదు.

పోయినవి ఇవి. ఏడు నెలల రెండు దినాలు. కొట్టేసిన కొలతలు నూట నలభై మూడు, అందులో పేరులేనిదానివి పదిహేను. పట్టికలో ఒక వరుస. ఆ వరుస పక్కన ఒక ఊరి పేరు.