టీ నీళ్ళలో ముంచిన బొమ్మ

రెండువేల నాలుగు, రంజాన్ నెలకు ముందు ఆఖరి శుక్రవారం, మధ్యాహ్నం రెండుంపావు. అరబ్బు దేశంలో, ఖైతాన్‌లోని మా అద్దె గదిలో నేనొక బొమ్మ మొహం పాడుచేశాను. మొన్న నా మనవరాలు ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ బొమ్మను లాగి, "అవ్వా, ఇది అచ్చం అమ్మ మాదిరే ఉందే" అనింది. అప్పట్లో నాకు రాయడం రాదు. ఇప్పుడు వచ్చు కాబట్టి రాస్తున్నాను.

వారమంతా మిష్రిఫ్‌లో, మేము మామా అని పిలిచే యజమానురాలి ఇంట్లో పని, శుక్రవారం మాత్రం ఖైతాన్ గది. ఆ గదిలో ఒక సూడాన్ అక్క ఉండేది. సబ్హాన్‌లో యూనిఫారాలు కుట్టే షెడ్డులో పని ఆమెది. మంచి నలుపు, మంచి పొడుగు, మాట తక్కువ. అంగళ్ళలో ఫ్యాషన్ బొమ్మలన్నీ పసుపు జుట్టు, తెల్ల తోలు. "మా పిల్లలు దేన్ని చూసి ముస్తాబవ్వాలి?" అంటూ ఆమె గుడ్డతో పొడుగుకాళ్ళ బొమ్మలు కుట్టడం మొదలుపెట్టింది. అలాంటివి అంతకుముందు నేనెక్కడా చూడలేదు. తెల్ల నూలుగుడ్డను చిక్కటి టీ నీళ్ళలో ముంచి, తన మణికట్టు పక్కన పెట్టి చూసుకునేది. చాలకపోతే మళ్ళీ ముంచేది. నల్ల ఊలుతో సన్న జడలు, ఒంటికి పట్టు గౌన్లు. ఆ టీ వాసనకు తలనొప్పి వస్తోందని మొహం మీదే చెప్పాను. కిటికీ తెరిచి, ఇంకో గిన్నె టీ పొయ్యి మీద పెట్టింది.

ఆ రోజు బొమ్మల అంగడి సేటు నాలుగింటికి వస్తానన్నాడు. నచ్చితే ఐదు బొమ్మలూ అద్దాల్లో పెడతాడు, లేకుంటే ఖలాస్. రెండేళ్ళుగా అడుగుతుంటే చూస్తానన్నది ఆయనొక్కడే. అక్క స్నానానికి పోతూ గౌన్ల మీది సుద్దగీతలు తుడవమంది. నేను అంతటితో ఊరుకోలేదు. మామా ఇంట్లో తెల్లబట్టలకు వాడే బ్లీచింగ్ నీళ్ళను దూదితో అద్ది, ఒక బొమ్మ మొహం రుద్దాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

గదిలో ఉన్న గోదావరి నర్సమ్మాయి చూసి, "ఏంటండీ పిన్నిగారూ, ఆ పిల్లకేమైనా పెళ్ళిచూపులా?" అంది. అంతలో అక్క వచ్చింది.

"కొంచెం తెల్లగుంటే అమ్ముడుబోతాదని, అక్కా," అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పుకున్నాను.

ఆమె అరవలేదు. "మరి నా మొహం ఎప్పుడు రుద్దుతావు?" అని అడిగింది.

దూది కింద పెట్టేశాను. నా కూతురిది నా రంగే. ఊరికి ఎవరు పోతున్నా దానికి తెల్లబడే క్రీము డబ్బాలు పంపేదాన్ని. అక్క కుట్టిచ్చిన సంచుల్లోనే అవి పోయేవి.

ఆమె మళ్ళీ టీ కాచింది. ఈసారి తన చెయ్యి కాదు, నా చెయ్యి పట్టుకుని తడి మొహాన్ని నా మణికట్టు పక్కన పెట్టి చూసింది. మూడుసార్లు ముంచింది. నా చేతిని అంతసేపు ఎవరూ చూసింది లేదు.

సేటు వచ్చేసరికి అదింకా ఆరలేదు. మిగతా నాలుగింటినీ తిప్పి తిప్పి చూసి, "పెడతా. వారంలో పోకుంటే వెనక్కే" అన్నాడు. తడిదాని సంగతి అడిగితే, "అది అమ్మేది కాదు" అని అక్క దాన్ని నా ఒడిలో పెట్టింది.

నాలుగూ వారం లోపలే పోయాయి. సేటు ఇంకో పది అడిగాడు. ఐదోదాన్ని ఊరికి పోయే మనిషి చేతికిచ్చి నా కూతురికి పంపాను. క్రీము పంపలేదు.

మొన్న ఆ బొమ్మను నా మణికట్టు పక్కన పెట్టి చూశాను. ముడతలు పడి, మచ్చలు పడి నా చెయ్యి కలవలేదు. నా కూతురు తన చెయ్యి పెడితే కలిసింది. కాలం నా దగ్గర తీసుకున్నది కూతురి దగ్గర దాచిపెట్టిందనుకున్నాను. దీనికి సాక్షులుగా ఆ రోజు ఆ గదిలో ఉన్నది సూడాన్ అక్క, గోదావరి నర్సమ్మాయి, బొమ్మల సేటు, నేను.