జెరూషా కోసిన వ్యాను

బొల్లారంల మా సీటు కవర్ల దుకాణం పక్కన రేకుల షెడ్డు జెరూషాది. బండ్ల బాడీలు కోసి, అతికి, ఎవరికి ఎట్ల కావాల్నో అట్ల చేసిస్తది. ఏండ్లకేండ్లు ఉస్తాదు దగ్గర పని నేర్చుకొని, మొన్న చలికాలంల సొంతంగ షురూ చేసింది. "ఆడపిల్లకు ఈ వెల్డింగ్ తక్లీఫ్ ఎందుకే?" అని మొదట్ల నేనే తిట్టిన. వింటదా? మొండిది!

సైనిక్‌పురి రిచర్డ్ సార్ దాని మొదటి గిరాకీ. ఆయన భార్య ప్రేమమణి టీచరమ్మకు కాళ్లు పడిపోయినయి. కారెక్కాలంటే నలుగురు మోయాలె. "నన్ను బియ్యం బస్తాలా ఎత్తొద్దు" అని ఆమె చర్చికి పోవుడే బంద్ చేసింది. చక్రాల కుర్చీతోనే ఎక్కేటట్టు పాత వ్యాను మార్చియ్యమని సార్ అడిగిండు. ఈస్టర్‌కు కావాలె. గల్లీల మొగోళ్లంత ఒక్కటే నవ్వుడు. ఈ బండి చెడితే ఆ షెడ్డు దిక్కు ఇంకెవ్వరు సూడరు. ఆ సంగతి దానికి సుత తెలుసు.

పైకప్పు కోసి ఎత్తు పెంచింది, తలుపు పెద్దగ చేసింది, ఎక్కనీకి ఇనుప పలక పెట్టింది. అబ్బ, ఏం పనితనం! పండుగ ముందురోజు బండిని జాకీల మీదికెల్లి దించింది. పక్కకు జరిగే తలుపు సగంల ఇరుక్కున్నది.

జెరూషా వంగి బండి కింద సూసింది. "జాకీల మీదున్నప్పుడే వెల్డింగ్ చేసిన, శ్యామలక్కా. చక్రాల మీదికి రాంగనే చట్రం కుంగింది."

"ఏమైతది? జెర తలుపు అంచు అరగదీసి పంపు" అన్న.

"టీచరమ్మ కూసుంటే ఇంక కుంగుతది. లోపలే ఇరుక్కుంటది" అని, తన వెల్డింగ్ తనే గ్రైండర్ పెట్టి కోసేసింది. అయ్యో, నా పానం పోయినంత పనైంది!

"లోపల కూసో, అక్కా."

"నేనెందుకే?"

"బరువు కావాలె. గల్లీల నీకంటే మంచి బరువు నాకు దొరకది."

నోటికి హద్దు లేదు పిల్లకు! నన్ను, బండి సూడనీకి వచ్చిన రిచర్డ్ సార్‌ను సుత కూసోబెట్టింది. మా బరువుకు చట్రం కుంగినంక, అది కదలకుండ అడ్డంగ ఇనుప బద్దలు బోల్టులేసి బిగించింది. మమ్మల్ని దింపి, కోసిందంత మళ్ల అతికింది. రంగేసే టైం లేకపాయె, అతుకుల మీద ఎర్ర ప్రైమర్‌తోనే బండి పోయింది.

పండుగ పొద్దున జెరూషాతోని సైనిక్‌పురికి నేను సుత పోయిన. టీచరమ్మ తెల్ల చీర కట్టి, కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంట పలక మీదికెల్లి లోపలికి పోయింది. తలుపెయ్యనీకి రిచర్డ్ సార్ చెయ్యి పెట్టిండు.

"మీరు వదలండి. నేను వేసుకుంటా" అన్నది ఆమె.

ఒక్క చేత్తోని గుంజింది. తలుపు సాఫ్‌గ జరిగి పడ్డది. జెరూషా నా భుజం పట్టుకొని చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. నేనేమన్న తక్కువ ఏడ్చిన్నా?

కిటికీల నుంచి టీచరమ్మ అందర్నీ కసిరింది. "ఏమిటా ఏడుపులు? ఆరాధనకు ఆలస్యమవుతోంది, బండి పోనివ్వండి!"