కొంగకి నాలుగు కాళ్ళు

మా ఆయన వెదురు పనిలో ముప్పై ఏళ్ళుగా అరిగిపోతున్నాడు. బుట్టలు, తడికెలు, నిచ్చెనలు, పందిళ్ళు. నోట్లో నాలుక లేని మనిషే గానీ, పట్టింపు మాత్రం కొండంత. ఏ పందిరి కట్టినా పైన ఇసక బస్తాలు పెట్టించి, కింద తను నిలబడతాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! నేను మొత్తుకుంటూనే ఉన్నాను, ఆయన నిలబడుతూనే ఉన్నాడు.

మా పేట జనమంతా కూర్చోడానికి వెదురు మండపం కట్టాలనుకున్నారు. దానికో డిజైనరు గారు దిగారు. ప్రకృతి నుంచీ, మన సంస్కృతి నుంచీ స్ఫూర్తి పొందుతారట. సంస్కృతి కోసం మా వంటింట్లో నా చేటని ఫొటో తీసుకున్నారు. ప్రకృతి కోసం కారు దిగకుండానే ఓ కొంగని చూశారు. ఇంకేం, కొంగ రెక్కలాంటి కప్పు, దానికి చేట అల్లిక. బొమ్మ బాగానే ఉంది, కాదనను. నడిమి గుంజలే లేవు.

"నాలుగు గుంజలన్నా వెయ్యకపోతే ఆగదు సారూ," అన్నాడు మా ఆయన.

"రెక్క కింద గుంజలుంటాయా పెద్దాయనా? ప్రకృతిని చూసి నేర్చుకోవాలి."

కమిటీ వాళ్ళు గంగిరెద్దుల్లా తలూపారు. మా ఆయన ఆ బొమ్మలో ఉన్నట్టే కట్టాడు.

ప్రారంభానికి రెండు రోజుల ముందు బస్తాలు తెప్పించాడు. "రండి సారూ, ఇద్దరం కింద నిలబడదాం," అన్నాడు. సరిగ్గా అప్పుడే సారుకి ఫోనొచ్చింది. మోగని ఫోను! మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు గడప దాటదు.

ఈయన ఒక్కడే వెళ్ళి నిలబడ్డాడు. మూడో బస్తాకి కప్పు కిర్రుమంది. ఒక్క పరుగున వెళ్ళి ఆయన చొక్కా పట్టుకున్నాను.

"నువ్వెందుకొచ్చావే? అవతలికి పో!"

"నువ్వొస్తే వస్తా."

నాలుగో బస్తా నిచ్చెనెక్కుతోంది. జనమంతా డిజైనరు వంకే చూస్తున్నారు.

"ఆపండి!" అని అరిచాడు డిజైనరు. "గుంజలు వేసెయ్యండి!"

ప్రారంభం నాడు మైకులో ఏమన్నాడో తెలుసా? పక్షికి రెక్కలే కాదు, కాళ్ళూ ఉంటాయట, ఆ గుంజలు ఆ స్ఫూర్తేనట. కొంగకి నాలుగు కాళ్ళేమిటని ఒక్కరూ అడగలేదు. అందరూ చప్పట్లు. మా ఆయన కూడా కొట్టాడు, సిగ్గులేకుండా.

ఇంటికొచ్చాక నిలదీశాను. "కూలుతుందని తెలిసీ ఎందుకు నిలబడ్డావయ్యా?"

"గీసింది ఆయనే గానీ, కట్టింది నేను కదే," అన్నాడు.

తిడదామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.