నలభై ఒకటో నంబరు బిళ్ళ

మా బళ్ళో గంట కొట్టే ఆవిడ చనిపోయి ముప్పై ఎనిమిదేళ్ళయింది. నవ్వకండి, కాగితం మీద అలాగే ఉంది. మేమంతా ఆవిడను గంటమ్మ అంటాం.

పోయినేడు ఊరి చరిత్రను ఊళ్ళోవాళ్ళ నోటే విని, పిల్లలకు ఓ చిన్న పుస్తకం వేద్దామని బయల్దేరాను. సోషల్ చెప్పేవాణ్ణి కదా, ఆ దురద నాకే పుట్టింది. మూతబడ్డ నూలుమిల్లు వెనక వరుస ఇళ్ళలో ఎనిమిది నెలలు తిరిగాను. యజమానుల ఫొటోలు కావలసినన్ని దొరికాయి గాని, అక్కడ పనిచేసిన ఆడవాళ్ళ ఊసు ఎక్కడా లేదు. గేటు దగ్గర రాతిపలక మీద మాత్రం అగ్నిప్రమాదంలో పోయిన ఏడుగురి పేర్లున్నాయి. నాలుగోది గంటమ్మ అసలు పేరు.

అడిగితే చీపురు పక్కన పెట్టి బడి మెట్ల మీద కూలబడింది.

"ఆ రోజు నాకు జ్వరం మాస్టారూ. నాగా పెడితే హాజరు బిళ్ళ లాగేసుకుని పని మానిపిస్తారు. మా చెల్లి నా బిళ్ళ పట్టుకుని పనికెళ్ళింది. అందరం అంతే, ఒకరి బిళ్ళ మీద ఇంకొకరం వెళ్ళేవాళ్ళం. మేస్త్రీ నంబరు చూసేవాడు గాని మొహం చూసేవాడా?"

చెల్లిని ఇంట్లో బుల్లి అనేవారట. పదహారేళ్ళ పిల్ల, వాగుడుకాయ. గోదాము అంటుకున్నప్పుడు తలుపుకు బయట గడియ వేసి ఉంది. బూడిదలో నలభై ఒకటో నంబరు బిళ్ళ దొరికింది. ఆ నంబరుకు ఎవరి పేరుందో వాళ్ళే పోయారని మిల్లువాళ్ళు రాసుకున్నారు.

"నిజం చెబితే దొంగ బిళ్ళ కింద నాన్న పని కూడా పీకేస్తారన్నారు. నాన్న నా నోరు నొక్కేశాడు. అది అసలు పుట్టనే లేదన్నట్టు అయిపోయింది. ఒక్కచోట దాని పేరు రాయండి మాస్టారూ, పిల్లలు చదవాలి. ఇంకేం అడగను."

రాస్తానన్నాను. రాశాను కూడా. పలక మీది ఏడు పేర్లూ పాఠంలో దింపి, నాలుగో పేరు కిందే, ఆ రోజు ఆ బిళ్ళ మీద పనిచేసి చనిపోయింది ఈమె చెల్లెలని, ఆ పిల్ల అసలు పేరుతో సహా రాశాను.

పై ఆఫీసులో పుస్తకాలు చూసే పెద్దమనిషి ఆ వాక్యం మీద ఎర్రగీత గీశాడు. "పలక మీద లేనిది పాఠంలోకి ఎలా వస్తుందండీ? అక్క చెబితే చాలదు. సాక్షి సంతకం ఉందా?"

మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. అందరికీ తెలుసు. కానీ అందరూ ఎవరో ఒకరి బిళ్ళ మీద పనికెళ్ళినవాళ్ళే. సంతకం అనేసరికి పింఛను పోతుందేమోనని తలుపులేసుకున్నారు. చివరికి "తీసేయండి" అన్నాను. ఎనిమిది నెలల పని అటకెక్కుతుందని భయం. ఛీ, అదొక్కటే కాదు. అట్ట మీద నా పేరు చూసుకోవాలన్న కక్కుర్తి కూడా.

పుస్తకాలు వచ్చిన రోజు గంటమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడకు చదువు రాదు.

"ఎక్కడుంది? చూపించండి."

నాలుగో పేరు కింద వేలు పెట్టి, లేని వాక్యాన్ని ఉన్నట్టే చదివాను. ఆవిడ ఆ చోటు తడిమి చూసుకుని నాకు దండం పెట్టింది. ఆ దండం తీసుకున్నాను. సిగ్గులేని మొహం నాది.

మర్నాడు ఐదో తరగతిలో పాఠం మొదలుపెట్టేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది.

"పిల్లల చేత చదివించండి మాస్టారూ. విని పోతాను."

నేను వద్దనేలోపే ముందు బెంచీ పిల్ల లేచి గడగడా చదివేసింది. మూడో పేరు. నాలుగోది, గంటమ్మది. వెంటనే ఐదోది. "అది మన గంటమ్మ పేరే కదరా!" అని వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"మళ్ళీ చదువు తల్లీ."

ఆ పిల్ల మళ్ళీ చదివింది. అవే ఏడు పేర్లు.

గంటమ్మ లోపలికొచ్చి పుస్తకం అందుకుని, నిన్న తడిమిన చోటే వేలు పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ నిజంగానే తెలియక అడిగింది.

"నిన్న మీరు చదివినప్పుడు ఉంది కదా మాస్టారూ. దాని పేరు ఇప్పుడెందుకు లేదు?"