మామ్మగారు రుద్దని స్నానం

మా వీధి మామ్మగారు పోయారు. "పొద్దున్నే కాఫీ పట్టుకెళ్ళి లేపితే పలకలేదండీ" అని వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. ఏడుస్తూనే, "నిద్రలోనే వెళ్ళిపోయారండీ, మొహం ఎంత ప్రశాంతంగా ఉందో" అంది. నేనూ ఏడ్చాను. ఏడ్చాక గుండెల మీంచి బరువు దిగినట్టయింది. మంచాన పడి, ఒళ్ళంతా పుళ్ళు పడి పోతానేమోనని ఆవిడకి పెద్ద భయం. ఆ భయం నిజం కాలేదు. మనిషి పోయిందని రాస్తూ మనసు తేలికపడిందని చెప్పకూడదంటారు గానీ, నేను చెప్పేస్తాను. ఆవిడైతే ఏమీ అనుకోరు.

మాది తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లుల వెనక వీధి. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టల మీద, మనుషుల మీద కూడా ఊక నుసే. ఈ వీధిలో పుట్టిన పిల్లల్లో మామ్మగారి కాళ్ళ మీద పడుకుని నీళ్ళు పోయించుకోనివాళ్ళు అరుదు. అది ఆవిడకి వృత్తి కాదు, సరదా. పొలాలున్న ఇంటి మనిషి. ఎవరింట్లో పురుడొచ్చినా తన పీటా, తన సున్నిపిండి డబ్బా చంకన పెట్టుకుని వచ్చేసేవారు. ఇంకొకరి పీట మీద కూర్చుంటే ఆవిడకి కుదిరేది కాదు. కుచ్చెళ్ళు మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు చాపి, వాటి మీద పిల్లని బోర్లా వేసుకుని మొదలుపెట్టేవారు. నూనె, ఆ తర్వాత నలుగు, ఆ తర్వాత చెంబులకొద్దీ నీళ్ళు.

"కొల్లేటి లంకలో పుట్టినదాన్ని. నీళ్ళ సంగతి నాకు చెప్తారేవిటర్రా?" అనేవారు. ఎవరూ చెప్పేవారు కాదు.

చివర్న ఒక్క పని మాత్రం ఎవరింట్లోనూ మానలేదు. మిగిలిన నీళ్ళు దోసిట్లోకి తీసుకుని పిల్ల చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అని గుమ్మం పక్కకి విసిరేసేవారు. అప్పటికి పిల్ల సగం నిద్రలో ఉండేది.

మా అమ్మాయి మాత్రం నిద్రపోలేదు. గుక్కపట్టి ఏడ్చేది. నలుగుతో ఒళ్ళు ఎర్రబడితే రక్తం బాగా పట్టిందని మా వైపు నమ్మకం. కాబట్టి మా అమ్మాయి బుగ్గలూ మోచేతి మడతలూ ఎర్రగా కందిపోతుంటే చూసినవాళ్ళందరూ మురిసిపోయారు. "మామ్మగారి చెయ్యి పడిందంటే అంతేనండీ, పిల్ల కెంపులా తేలుతోంది" అని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నకొద్దీ ఆవిడ ఇంకొంచెం శ్రద్ధగా రుద్దేవారు. ఒళ్ళు పగిలి రసి కారేదాకా అది జబ్బని మాలో ఎవరికీ తట్టలేదు. దిష్టి మాత్రం రోజూ తీశాం!

ఏలూరులో చర్మం డాక్టరుగారు పిల్లని చూసి కళ్ళజోడు తీశారు. "ఈ చర్మాన్ని ఇంక ఏదీ రుద్దకండమ్మా" అన్నారు. రాయడానికి ఒక మందిచ్చి, స్నానానికి ఒక సీసా రాసిచ్చారు. అందులో కోకో గ్లూకోసైడ్ అని ఒక పదార్థం ఉంటుందట. "కొబ్బరి నూనెలోంచి వచ్చేదానికి చక్కెరలోంచి వచ్చేది కలిపి చేస్తారు. మురికినీ నూనెనీ నీళ్ళలో కలిపి తీసుకుపోతుంది. చర్మాన్ని గీరదు" అని ఓపిగ్గా చెప్పారు.

రైలెక్కి ఇంటికొస్తున్నంతసేపూ నాకు రెండు దిగుళ్ళు. పిల్లకి తగ్గుతుందా అన్నది ఒకటైతే, మామ్మగారికి ఎలా చెప్పడం అన్నది రెండోది. మీ చేత్తోనే పిల్లకి జబ్బు ముదిరిందని ఏ నోటితో చెప్పను? ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కరేమో అనుకున్నాను. వీధికంతటికీ కావలసిన చెయ్యి నా మూలంగా ముడుచుకుంటుందేమోనని కూడా భయపడ్డాను.

మర్నాడు ఆవిడ మామూలుగానే పీటతో వచ్చారు. నేను నీళ్ళు నములుతూ చెప్పాను. మామ్మగారు పిల్ల చెయ్యి పట్టుకుని మడత విప్పి చూశారు.

"ఎరుపు చూసి నేనూ మురిశానే అమ్మాయ్" అన్నారు. తర్వాత, "ఏదీ, ఆ సీసా ఇలా తే" అన్నారు.

గాజు గ్లాసులో నీళ్ళు పోయించి, దాంట్లో నువ్వుల నూనె వేయించారు. నూనె పైకి తేలింది. సీసాలోది నాలుగు చుక్కలు వేసి చెంచాతో తిప్పారు. పాలల్లే తెల్లగా అయిపోయింది.

"సబ్బు కూడా ఇలాగే చేస్తుంది కదే?"

"చేస్తుందండీ. ఇది దానంత కటువుగా ఉండదుటండీ."

"దేంతో చేస్తారన్నావ్?"

"కొబ్బరీ, చక్కెరానండీ."

"ఓసి దీని దుంపతెగ! కొబ్బరి లౌజు!" అని పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి మా వీధిలో దానికి ఆ మిఠాయి పేరే, లౌజు నీళ్ళు. డాక్టరుగారు చెప్పిన పేరు మందుల షాపులో తప్ప ఎక్కడా పలకలేదు.

నవ్వారు గానీ, వెంటనే పిల్లకి వాడలేదు. తన మోచేతి మడతలో రాసుకుని ఇంటికెళ్ళిపోయి, మర్నాడు ఆ చెయ్యి నాకు చూపించి, అప్పుడు కూర్చున్నారు పీట మీద. సున్నిపిండి డబ్బా తేలేదు. గోరువెచ్చని నీళ్ళలో సీసాలోది కలిపి నురుగు తెప్పించి, అరచేత్తో పిల్ల మీద జార్చారు. "చెయ్యి ఊరుకోదే అమ్మాయ్, రుద్దమంటుంది" అని, ఆ చేతిని కాసేపు తన ఒళ్ళోనే అదిమి పెట్టుకున్నారు. అన్నేళ్ళ అలవాటుని ఒక పసిపిల్ల కోసం అలా పట్టి ఆపడం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆ పూట మా అమ్మాయి ఏడవలేదు. స్నానం మధ్యలోనే నిద్రపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, మాట్లాడితే లేస్తుందని ఊరుకున్నాం. నా జీవితంలో అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు మళ్ళీ రాలేదు.

తర్వాత కూడా మామ్మగారు పీట వదల్లేదు. సున్నిపిండి పడే ఒంటికి సున్నిపిండే పెట్టారు. కాకపోతే ఎవరింటికెళ్ళినా ముందు పిల్లని వెలుతురులోకి తెమ్మనేవారు. "మనం చెప్పినట్టు ఒళ్ళు వినదర్రా. ఒళ్ళు చెప్పినట్టు మనమే వినాలి" అనేవారు. మా అమ్మాయికి నడక వచ్చాక ఆవిడ వెనకాలే చెంబు పట్టుకుని తిరిగేది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మోచేతి మడతలో చిన్న మచ్చైనా లేదు.

చివరి రెండేళ్ళలో మామ్మగారి చర్మం ఉల్లిపొరలా అయిపోయింది. గాజు తగిలినా చిట్లేది. కోడలు ఓపిగ్గా లౌజు నీళ్ళతోనే ఒళ్ళు తుడిచేది. ఒకరోజు నేనూ మా అమ్మాయీ చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకున్నారు.

"నన్ను పంపేటప్పుడు నలుగు పెట్టి రుద్దుతారే అమ్మాయ్. వద్దని చెప్పు. చచ్చాక నొప్పెయ్యదనుకో, అయినా నాకు బెంగగా ఉంది."

"నేనున్నానండీ" అన్నాను. అన్నాను గానీ, ఆ ఇంట్లో పెద్దవాళ్ళ ముందు నా మాట చెల్లుతుందా అని నాకే నమ్మకం లేదు.

అనుకున్నట్టే అయింది. ఆఖరి స్నానం వేళకి ఆవిడ ఆడపడుచుగారు వాళ్ళ ఊరి నుంచి దిగి, గిన్నెలో నలుగు కలిపి సిద్ధంగా ఉన్నారు. మామ్మగారి కంటే పెద్దావిడ, మాట కరుకు. నేను మామ్మగారి కోరికా, లౌజు నీళ్ళ సంగతీ చెప్పాను.

"ఆఖరి స్నానానికి షాపు సరుకేవిటమ్మా? మా వంశంలో ఉందా?" అన్నారు.

మా అమ్మాయి ముందుకొచ్చి, "అది మామ్మగారి లౌజేనండీ. ఒక్కసారి ఆవిడ చెయ్యి ముట్టుకుని చూడండి" అంది.

పెద్దావిడ వంగి, మామ్మగారి చేతి మీద బొటనవేలు ఆనించారు. ఆనించిన వేలు అలాగే ఉంచేశారు. తర్వాత నలుగు గిన్నె పక్కకి జరిపి, "పొయ్యండమ్మా, నెమ్మదిగా పొయ్యండి" అన్నారు. ఆవిడే చెంబు అందించారు.

మేమంతా కలిసి పోశాం. వీధిలో ఆవిడ కాళ్ళ మీద పెరిగిన ఆడపిల్లలు తలో చెంబూ తెచ్చారు. ఎవరూ రుద్దలేదు. నా మాట నిలిచింది కదా అని ఏడుపులోనే నా మనసు కుదుటపడింది.

స్నానం అయిపోయిందనుకున్నాం. మా అమ్మాయి మాత్రం అడుగున మిగిలిన నీళ్ళు దోసిట్లోకి తీసుకుంది. మామ్మగారి చుట్టూ మెల్లగా తిప్పింది. "శ్రీరామరక్ష" అంది. రెండో మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు ఇదెందుకని ఎవరూ దాన్ని ఆపలేదు. ఆ నీళ్ళు గుమ్మం పక్క కనకాంబరం మొక్కల మొదట్లో పడ్డాయి. మేము లోపలికి వెళ్ళి వచ్చేసరికి కూడా నురుగు ఇంకా అక్కడే ఉంది.