పిడికెడు బియ్యానికి గంపెడు విచారణ

నా పరువును నేనే చేట మీద పోసుకుని, పదిమంది ముందు చెరిగించుకున్న వైనం చెబుతాను. మీరు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు. గురజాల పక్కన మా ఊళ్లో ఆ రోజు నవ్వనివాళ్లెవరూ మిగల్లేదు.

యుద్ధం రోజులవి. ఇంట్లో జొన్నసంకటి తిన్నా సరే, మా సంఘంలో ప్రతి ఇల్లాలూ పొయ్యి రాజేసే ముందు ప్రార్థన చేసి, పిడికెడు బియ్యం దేవుడి పేర ఒక ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంతలన్నీ గుడిలో ఒక గంపలోకి ఒంపి, పాస్టరు అయ్యగారింటికి పంపేవాళ్లం. ఆ ఇంటి తిండి అదే. మా నాన్న ఇంటిదగ్గరే చదువు చెప్పి లేఖనాలు కంఠస్థం చేయించాడు గనక, కొత్త కోడలినైనా గంప పెత్తనం నాకిచ్చారు. ఇక నా మెడ కిందికి వంగితే ఒట్టు.

ఒక ఆదివారం అయ్యగారి భార్య నన్ను పక్కకు పిలిచింది.

"బియ్యంలో బెడ్డలు వస్తన్నయ్యమ్మా. నిన్న అయ్యగారి దవడపన్ను కదిలింది. ఎవరినీ ఏమీ అనబాక, నేను ఏరుకుంటాలే."

అనొద్దంటే ఊరుకునే నోరా నాది? నా అనుమానం అప్పటికే సుందరమ్మత్త ఇంటికి పోయి పీట వేసుకు కూర్చుంది. ఆవిడ వడ్లు దంచి, కూలికి బియ్యం తెచ్చుకునే ఒంటరి మనిషి. నేరమేమిటంటారా? ప్రసంగంలో కునుకు తీసేది. వాక్యం దగ్గర నిద్రపోయే మనిషి కానుకలో బెడ్డలు వెయ్యదా అని నా న్యాయశాస్త్రం.

మరుసటి ఆదివారం గంప పక్కన పెట్టి, చేటలు పరిచాను.

"ఈవేళ ఎవరి ముంత వాళ్లే చేట మీద పొయ్యాలి."

"ఏందమ్మాయ్, కోర్టు పెట్టావా?" అంది మా అత్తగారు.

"దేవుడి సొమ్ములో బెడ్డలు కలిపేవాళ్లు బయటపడాలి అత్తయ్యా. దొరికిన వాళ్ల బియ్యం ఇక గుడికి వద్దు."

అంటూ, ప్లీడరు ముద్దాయిని చూసినట్టు సుందరమ్మత్తను చూశాను. ఆవిడ ముంతను గుండెకు ఆనించుకుంది.

"అట్టా అనబాకమ్మాయ్. ఆ పిడికెడు తియ్యందే నాకు ముద్ద దిగదు. చూపు సరిగా ఆనదు, ఒక బెడ్డ ఉంటే ఉండొచ్చు."

"విన్నారుగా, ఒప్పుకుంది."

పోసింది. మల్లెమొగ్గల్లాంటి బియ్యం. వేలితో కెలికాను. ముక్కు ఆనించి మరీ వెతికాను. ఏమీ లేదు. తక్కిన వాళ్లవీ అంతే. సరే, బియ్యమంటే ఎలా ఉండాలో వీళ్లకు చూపిద్దామని నా ముంత బోర్లించాను.

వడగళ్లు పడ్డట్టు చప్పుడైంది. నూకలు, ఊక, మట్టిబెడ్డలు. నడుమ ఒక పురుగు తీరిగ్గా లేచి షికారుకు బయల్దేరింది.

సుందరమ్మత్త చప్పున తన బియ్యం తెచ్చి నా వాటి మీద గుమ్మరించి, రెండు చేతులా కలిపేసింది.

"ఇంక ఎవరియి ఎవరియో దేవుడికే తెలియాల. రండి, కూసుని ఏరదాం."

అందరూ కళ్లారా చూశాక కూడా నన్ను దాచబోయిందా తల్లి. కానీ మా అత్తగారు ఉండనిస్తుందా?

"ఏమే, బియ్యం తీసేటప్పుడు ప్రార్థన ఎట్టా చేస్తావు?"

"కళ్లు మూసుకుని, అత్తయ్యా. ముంతకు మూత పెట్టిందాకా తెరవను."

"ఆ భక్తిలో పక్కకుండలో చెయ్యి పెడతన్నావే. అది కోళ్లకని ఊడ్చి పోసింది. అయ్యి ఎందుకు చిక్కిపోతన్నయ్యా అని నేను చానా రోజులుగా కుములుతన్నా."

అయ్యగారి భార్య నిదానంగా అంది: "అయితే ఇన్నాళ్లూ మా ఆయన మీ కోళ్ల మేత తిన్నాడన్నమాట."

నవ్వులతో పైకప్పు లేచిపోతుందనుకున్నాను. నేను మాత్రం సుందరమ్మత్త పక్కన చతికిలబడి బెడ్డలు ఏరాను. నాకు చోటిచ్చేందుకు ఆవిడ కాస్త జరిగింది. ఆ జరిగినందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెబుతుంటాను.

ఆ చేట సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట బియ్యం దగ్గర కళ్లు తెరుస్తాను, పరుల తప్పుల దగ్గర మూసుకుంటాను. మొదటి సగం ఇంతవరకూ తప్పలేదు.